నడిచి వెళ్లగల సర్కారు బాలబడులు: మారతహళ్లి ప్రాజెక్టు డైరీ

బెంగళూరులోని మారతహళ్లి, మున్నెకొళాల చుట్టుపక్కల మూడు నుంచి ఆరేళ్ల పిల్లల కోసం ప్రభుత్వం నడిపే బడుల్ని పోల్చి చూసిన పని చిట్టా ఇది. చేసింది ఇద్దరం. పై అంతస్తు వదినది హిందూపురం, కన్నడ ఇంటి భాషలాగే మాట్లాడుతుంది. నాది ఒంగోలు, నా కన్నడ ఆటో ఎక్కి దిగేంత వరకే. పోల్చింది నాలుగు ఇళ్ల కోసం: మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ దంపతుల పాప (మూడున్నరేళ్లు), నాలుగిళ్లలో పనిచేసే ఆమె కొడుకు (నాలుగు దాటాయి), ఎదురుగా కడుతున్న బిల్డింగ్‌లో సెంట్రింగ్ మేస్త్రీ కవలలు (మూడేళ్లు), మా బాబు (నాలుగున్నర).

వేరే పేటలో ఇదే పని చెయ్యాలనుకునేవాళ్ల కోసం దశలవారీగా రాస్తున్నాను. బడుల అసలు పేర్లు రాయడం లేదు, మేం పెట్టుకున్న గుర్తులే: గుడి పక్కది, ట్యాంకు కిందది, మెట్లది, రంగుల బడి, రావిచెట్టు బడి. ఈ నెల కనిపించిన లోపం వచ్చే నెల ఉండకపోవచ్చు, పేరు మీద పడిన మచ్చ మాత్రం పోదు.

మొదటి దశ: జాబితా

ఫోన్ మ్యాపులో "అంగన్‌వాడీ" అని కొడితే వచ్చిన గుర్తుల్లో ఒకచోట బిర్యానీ పాయింటు ఉంది, ఇంకోచోట తాళం వేసిన గేటు. ఇక్కడ చాలా కేంద్రాలు అద్దె ఇళ్లలో నడుస్తాయి. ఓనరు అద్దె పెంచినా, ఇల్లు పడగొట్టి పీజీ కట్టినా కేంద్రం పక్క వీధికి మారిపోతుంది. మ్యాపులో గుర్తు మాత్రం పాతచోటే ఉంటుంది.

దేన్ని లెక్కలోకి తీసుకోవాలన్నది ముందు తేల్చుకోవాలి. బెంగళూరులో సర్కారు బాలబడి మూడు రకాలు. మహిళా శిశు అభివృద్ధి శాఖ నడిపే అంగన్‌వాడీ ఒకటి. కర్ణాటక పబ్లిక్ స్కూళ్లు, ఇంకొన్ని ప్రభుత్వ బడుల్లో ఉండే ఎల్‌కేజీ, యూకేజీ రెండోది. కార్పొరేషన్ సొంతంగా నడిపే నర్సరీ మూడోది. 2024లో ప్రభుత్వ బడుల్లో ఎల్‌కేజీలు పెడతామని సర్కారు అన్నప్పుడు, పిల్లలంతా అటే పోతారని అంగన్‌వాడీ టీచర్లు ధర్నాకి దిగారు. ఆ తర్వాతే కొన్ని అంగన్‌వాడీలకు "సర్కారీ మాంటెస్సోరి" బోర్డులు వచ్చాయి. బోర్డు చూసి వేరే రకం అనుకోకండి. శాఖ అదే, చాలాచోట్ల టీచరూ ఆవిడే.

మాకు పనిచేసిన వరస ఇది:

1. ఎన్నికల పోలింగ్ కేంద్రాల జాబితా తెరవండి. భవనాల పేర్లలో అంగన్‌వాడీలు, ప్రభుత్వ బడులు దొరుకుతాయి.
2. మీ వీధికి వచ్చే ఆశా కార్యకర్తని అడగండి. టీకాల రోజు ఎక్కడ పెడతారో ఆమెకి తెలుసు.
3. దొరికిన ప్రతి కేంద్రంలో టీచర్ని "పక్క కేంద్రం ఎక్కడ?" అని అడగండి. అన్నిటికన్నా నమ్మకమైనది ఇదే.
4. చివర్లో సీడీపీవో (ఆ ఏరియా అంగన్‌వాడీల్ని చూసే శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారి) ఆఫీసులో సరిచూసుకోండి.

నాలుగోదాన్ని మేం మొదట పెట్టుకున్నాం, అక్కడే ఆగిపోయాం. 2025 సెప్టెంబరులో బీబీఎంపీ (బెంగళూరు నగర పాలిక) పోయి ఐదు కార్పొరేషన్లు వచ్చాయి, మేం ఉండే మహదేవపుర వైపు అంతా తూర్పు కార్పొరేషన్‌లోకి వెళ్లింది. ఒక కాగితంలో పాత వార్డు పేరు, ఇంకోదాంట్లో కొత్తది. చేతిలో సొంత జాబితా ఉంటేనే ఆ కాగితాలు అర్థమవుతాయి.

ఇంకో సరిచూపు కూడా ఉంది. 400 నుంచి 800 జనాభాకి ఒక అంగన్‌వాడీ అన్నది కేంద్ర ప్రభుత్వం పెట్టిన కొలమానం. మున్నెకొళాలలో రేకుల షెడ్ల వరస ఒక్కదాంట్లోనే అంతమంది ఉంటారు. కాబట్టి జాబితా పొడుగ్గా వచ్చిందని సంబరపడక్కర్లేదు, ఉండాల్సినవి ఇంకా ఎక్కువే.

లెక్క: దొరికిన పేర్లు 27. ఒకే కేంద్రం రెండు స్పెల్లింగులతో వచ్చినవి 6 పోగా 21. ఖాళీ చేసి ఎటు వెళ్లాయో తేలనివి 3 పోగా 18. ఖర్చు: సున్నా.

రెండో దశ: దూరం

మ్యాపులో మా గేటు చుట్టూ కిలోమీటరున్నర వృత్తం గీశాం. 18 బడులూ లోపలే వచ్చాయి. ఆ వృత్తం దేనికీ పనికిరాలేదు. అందులో ఔటర్ రింగ్ రోడ్డు ఉంది, వర్తూరు రోడ్డు ఉంది, రైలు కట్ట ఉంది. కట్ట అవతల అరకిలోమీటరు దూరంలో ఉన్న బడికి వెళ్లాలంటే ఫుట్‌పాత్ లేని అండర్‌బ్రిడ్జి దాటాలి. వాన పడితే అక్కడ మోకాలి లోతు నీళ్లు.

అందుకని మీటర్లు వదిలేసి నిమిషాలకి మారాం. వాచ్‌మన్ పాపని వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని నడిపిస్తుంటే, నేను ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని వెనక నడిచాను. నేనొక్కదాన్నే వెళ్తే ఏడు నిమిషాలు పట్టే దారి పాపతో పద్నాలుగు పట్టింది. దారిలో కుక్కపిల్ల ఉంది, ఇసుక కుప్ప ఉంది, చెప్పు ఊడింది. పెద్దవాళ్ల నడకని రెట్టింపు చేస్తే మూడున్నరేళ్ల పిల్ల నడక వస్తుందని మిగతా దారుల్లోనూ తేలింది. నాలుగు దాటిన పిల్లలకి ఒకటిన్నర రెట్లు చాలు.

పెట్టుకున్న నియమం: పిల్ల నడకలో పావుగంట దాటకూడదు. సిగ్నల్ గానీ స్కైవాక్ గానీ లేకుండా పెద్ద రోడ్డు దాటాల్సి వస్తే, ఎంత దగ్గరైనా కొట్టివేత.

లెక్క: 18లో 7 పోయాయి. మిగిలినవి 11: అంగన్‌వాడీలు 7 (వాటిలో రెండింటికి మాంటెస్సోరి బోర్డు), బడుల్లో ఎల్‌కేజీలు 3, కార్పొరేషన్ నర్సరీ 1. ఖర్చు ఇంకా సున్నా.

మూడో దశ: గది, కుళాయి, మరుగుదొడ్డి

లోపలికి వెళ్లేముందు అనుమతి. నోటిమాటతో రానిచ్చినవాళ్లే ఎక్కువ. కొందరు కాగితం అడిగారు, అడగడం న్యాయమే. సీడీపీవో ఆఫీసులో ఒక అర్జీ ఇచ్చి, ముద్ర వేసిన నకలు దగ్గర పెట్టుకున్నాం. ఒక ఎల్‌కేజీ హెడ్‌మాస్టర్ మాత్రం పై ఆఫీసు ఉత్తర్వు ఉంటేనే అన్నారు. దాన్ని బయటినుంచి చూసినంత వరకే రాసుకున్నాం. ఎక్కడా ఫోటో తియ్యలేదు. మొదటి కేంద్రంలో ఫోన్ పైకెత్తగానే టీచరు మొహం మారింది. ఇక ఆ తర్వాత ఫోన్ సంచిలోనే.

కొలత సాధనం విషయంలో డబ్బు తగలేశాం. లేజర్ మీటరు కొన్నాం. గోడ నుంచి గోడకి అడ్డం లేని గీత దొరికితేనే అది పనికొస్తుంది. ఈ గదుల్లో మధ్యలో బియ్యం మూట, బీరువా, దండెం మీద వేలాడే అట్టముక్కల అక్షరాలు. బయట ఎండలో అయితే ఎర్ర చుక్కే కనిపించదు. అయిదు మీటర్ల స్టీలు టేపుకి మారాం. టేపు చివర పట్టుకోవడానికి పిల్లలు పోటీ పడ్డారు, లోపల బెరుకు పోవడానికి అది లేజరు కన్నా బాగా పనిచేసింది.

కొలవాల్సింది గది కాదు, ఖాళీ నేల. 30 మంది పిల్లలకి కనీసం 35 చదరపు మీటర్ల గది, 30 చదరపు మీటర్ల ఆరుబయట స్థలం ఉండాలని కేంద్ర ప్రభుత్వ నాణ్యతా ప్రమాణాల్లో ఉంది. అంటే పిల్లకి 1.17 చదరపు మీటర్లు. మెట్లది చూడండి: గది 3.6 మీటర్లు పొడవు, 3.1 వెడల్పు. 11.16 చదరపు మీటర్లు వచ్చింది. అందులో బీరువా, గ్యాసు సిలిండరు, పప్పు బస్తాలు ఆక్రమించింది 2.3. మిగిలింది 8.86. ఆ రోజు వచ్చినవాళ్లు 15 మంది. పిల్లకి 0.59. ప్రమాణంలో సగం. ఆరుబయట అంటే మేడ మెట్ల ముందు చెప్పులు విడిచే చోటు.

కాగితం మీద ఇది దండగ బడి. ఈ బడి గురించి నాలుగో దశలో మళ్లీ రాస్తాను.

వెలుతురు కొలిచే యాప్ కూడా ప్రయత్నించాం. వదిన ఫోన్ ఒక అంకె చెప్పింది, నా ఫోన్ దానికి రెట్టింపు. యాప్ తీసేసి, అన్నిటికన్నా చీకటి మూల ఎక్కడో అక్కడ పిల్ల పక్కన కూర్చుని బొమ్మల పుస్తకం తెరిచాం. చిన్న బొమ్మలు పోల్చుకోగలిగితే టిక్కు, లేకపోతే సున్నా. ఇంతకన్నా సూక్ష్మంగా అక్కర్లేదు.

కుళాయి ఎత్తు గురించి ఎవరూ రాయరు, రాయాలి. మూడేళ్ల పిల్ల సగటు ఎత్తు 95 సెంటీమీటర్లు. ట్యాంకు కిందదాంట్లో కుళాయి తిప్పే పిడి 92 సెంటీమీటర్ల ఎత్తున ఉంది, కింద సింకు గట్టు అడ్డం. పిల్ల మునివేళ్ల మీద నిలబడి, గడ్డం గట్టుకి ఆనించి, చెయ్యి చాచినా పిడి అందలేదు. ఆయా వచ్చి తిప్పేదాకా అలాగే ఉండి, ఆమె రాకపోయేసరికి చేతులు గౌనుకి తుడుచుకుని అన్నానికి కూర్చుంది. రావిచెట్టు బడిలో గోడకి 55 సెంటీమీటర్ల ఎత్తున పైపు అడ్డంగా పెట్టి నాలుగు కుళాయిలు బిగించారు. అక్కడ ఎవరూ చెప్పకుండానే అందరూ కడుక్కున్నారు. పెద్ద ఖర్చు కూడా కాదు.

మరుగుదొడ్డికి మూడే ప్రశ్నలు: ఉందా, నీళ్లు వస్తున్నాయా, తాళం ఎవరి దగ్గర. మూడోది అడగకపోతే మొదటి రెండూ వృథా.

లెక్క: లోపల కొలిచినవి 10, బయటినుంచి 1. ఖర్చు: లేజరు 1,450 + టేపు 160 = 1,610 రూపాయలు.

నాలుగో దశ: లోపల గడిచే సమయం

ఎక్కువ తంటాలు పడింది ఇక్కడే. బోర్డుమీద టైంటేబుల్ అన్నిచోట్లా ఉంటుంది. దాన్ని రాసుకుని వచ్చేస్తే పది బడులూ ఒక్కటే.

మొదటి పద్ధతి: ఒక గంట కూర్చుని ఏం జరుగుతోందో రాయడం. మేం కూర్చోగానే అన్నిచోట్లా పెళ్లిచూపుల వ్యవహారమే. పిల్లలు లేచి నిలబడి "ఒందు, ఎరడు, మూరు" చదివేవాళ్లు, చేతులు కట్టుకుని పాట పాడేవాళ్లు. ఇద్దరం రెండు వేరు కాగితాల్లో రాసుకుంటే, వదిన "ఆట" అన్నదాన్ని నేను "పాఠం" అని రాశాను. ఆ కాగితాలన్నీ చించేశాం.

మార్చిన పద్ధతి:

1. మొదటి అరగంట రాయొద్దు. టీచరు తన పనిలో తాను పడేదాకా ఆగండి.
2. తర్వాత మూడు గంటలపాటు, ప్రతి అయిదు నిమిషాలకి ఒక్క గుర్తు. ఆ క్షణంలో ఎక్కువమంది పిల్లలు ఏం చేస్తున్నారో అదే.
3. గుర్తులు అయిదే: ఆట-పాట-కథ, రాత, తిండి, ఎదురుచూపు, ఇతరం.
4. ఎదురుచూపు అంటే పిల్లలు ఏ పనీ లేకుండా కూర్చుని ఉండటం. కింద పడుకుని దొర్లినా సరే, అందులో ఆట కనిపిస్తే అది ఆటే.
5. ఇద్దరూ విడివిడిగా గుర్తులు వేసి చివర్లో పోల్చండి. తేడా 36 గుర్తుల్లో నాలుగు దాటితే ఆ రోజు లెక్కలోకి రాదు.

ఫోన్ అలారం శబ్దానికి పిల్లలు తిరిగి చూస్తున్నారు. వైబ్రేషన్‌లో పెట్టి జాకెట్టులో దోపుకున్నాం.

మెట్లది, మామూలు రోజు, 180 నిమిషాల్లో: ఆట-పాట-కథ 85, తిండి 45, ఎదురుచూపు 30, ఇతరం 20. ఆ ఇరుకు గదిలో టీచరు పిల్లల్ని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకి సీసా మూతలు ఎర్రవీ పచ్చవీ వేరు చెయ్యమని ఇచ్చి, రెండో జట్టుకి కథ చెప్పింది. కథలో ఏనుగు వచ్చినప్పుడు మూతలు ఏరేవాళ్లు కూడా తలెత్తి తొండం ఊపారు. తర్వాత జట్లు మారాయి. శాఖ ఇచ్చే చిలిపిలి పుస్తకం ఆవిడ బల్లమీద ఉంది, అంచులు నలిగి. మరికొన్ని చోట్ల అదే పుస్తకం బీరువాలో కొత్తగా ఉంది.

రంగుల బడి ఎల్‌కేజీ, మామూలు రోజు: రాత 95, ఎదురుచూపు 45, తిండి 30, ఆట 10. గోడలనిండా బొమ్మలు, కుర్చీలు కొత్తవి, గది పెద్దది. నాలుగేళ్ల పిల్లలు నాలుగు గీతల పుస్తకంలో ఒకే అక్షరం పేజీ నిండా రాస్తున్నారు. ముందు రాసేసినవాళ్లు చేతులు కట్టుకుని కూర్చోవాలి. 2022లో వచ్చిన పునాది దశ పాఠ్యప్రణాళిక చట్రం ఈ వయసుకి ఆటే పాఠం అంటుంది. తల్లిదండ్రులు మాత్రం నోటుపుస్తకం నిండితేనే చదువు అంటారు. ఆ టీచరు నాతో అదే చెప్పింది: పేజీ ఖాళీగా ఇంటికి వెళ్తే మర్నాడు గేటు దగ్గర అడుగుతారట.

ఇక్కడిదాకా వచ్చాక ఇంకో చిక్కు. గుడి పక్కదాంట్లో ఒక రోజు ఆట 70 నిమిషాలు వచ్చింది, ఇంకో రోజు 15. అదే టీచరు, అవే పిల్లలు. రెండో రోజు గర్భిణులకి, చంటిపిల్లల తల్లులకి ఇంటి సరుకులు ఇచ్చే రోజు. 2025 జూలై నుంచి ఆ సరుకులకి ఫోన్‌లో మొహం గుర్తింపు తప్పనిసరి అయింది. నెట్ ఆగిపోతుంది, బొట్టు పెట్టుకున్న మొహాన్ని ఒప్పుకోదు, ఓటీపీ వెళ్లే ఫోన్ భర్త దగ్గర ఉంటుంది, ఆయన సైట్లో ఉంటాడు. టీచరు గుమ్మంలో, పిల్లలు లోపల ఆయాతో.

అంగన్‌వాడీని ప్రైవేటు ప్లే స్కూల్‌తో పోల్చకూడనిది ఇందుకే. 1975 అక్టోబరు 2న ఐసీడీఎస్ (అంగన్‌వాడీలు నడిచే పథకం) మొదలైనప్పుడే అంగన్‌వాడీ కేంద్రానికి ఆరు పనులు అప్పజెప్పారు: పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, ఆసుపత్రికి పంపడం, తల్లులకి ఆరోగ్య విషయాలు చెప్పడం, బాలబడి. బాలబడి ఆరింటిలో ఒకటి. దానిమీద ఓటరు జాబితా పనులు, సర్వేలు. టీచరు మంచిదా కాదా అన్నది సగం ప్రశ్నే. ఆవిడకి పిల్లలతో గడిపే సమయం మిగులుతోందా అన్నది మిగతా సగం, పోల్చాల్సింది దాన్నే.

అందుకని ప్రతి అంగన్‌వాడీకి మూడు రకాల రోజులు పెట్టుకున్నాం: మామూలు రోజు, సరుకుల రోజు, టీకాల రోజు. సరుకుల రోజు ఆట నిమిషాలు ఎక్కువ పడిపోని కేంద్రాలు రెండే. రెండింటిలోనూ కారణం ఆయా. మెట్లదాంట్లో ఆయాకి పాటలన్నీ వచ్చు, టీచరు గుమ్మంలో ఉంటే ఆమే మొదలుపెట్టేస్తుంది. ఆయా పోస్టు ఖాళీగా ఉన్న కేంద్రంలో వంట, చాకిరీ, పాఠం అన్నీ టీచరే. ఆ కేంద్రంలో మూడు రకాల రోజులూ ఒకేలా ఉన్నాయి, అంకెలు వేరుగా రాయాల్సిన అవసరం రాలేదు.

భాష గురించి విడిగా కొలిచాం. మొదట "టీచరుకి తెలుగు వచ్చా?" అని ఒక గడి పెట్టాం. ఈ ఏరియాలో దాదాపు అందరికీ ఎంతో కొంత వచ్చు, కాబట్టి ఆ గడి ఏమీ తేల్చలేదు. దాన్ని తీసేసి ఇలా రాశాం: కన్నడ రాని పిల్ల నీళ్లు గానీ, ఒంటికి గానీ అడిగినప్పుడు ఏం జరిగింది? ట్యాంకు కిందదాంట్లో శ్రీకాకుళం పిల్ల ఒకతి "మిస్, ఒంటికి" అంది. టీచరు "బా బంగారీ" అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది, తిరిగొస్తూ కన్నడలో ఎలా అడగాలో రెండుసార్లు అనిపించింది. ఇంకోచోట అలాగే అడిగిన పిల్లాడు జవాబు రాక కూర్చుండిపోయాడు, చాప తడిసింది.

లెక్క: 10 బడులకి గుర్తుల కాగితాలు పూర్తి. ఖర్చు: ఫారాల జిరాక్సు 220. మొత్తం 1,830.

అయిదో దశ: తిండి

దీన్ని త్వరగా ముగించేశాం. మూడు నుంచి ఆరేళ్ల పిల్లకి రోజుకి 500 కేలరీలు, 12 నుంచి 15 గ్రాముల మాంసకృత్తులు ఇవ్వాలని 2013లో వచ్చిన ఆహార భద్రతా చట్టంలో మొదట ఉండేది. కేంద్ర ప్రభుత్వ లెక్కలో ఈ తిండికి రోజుకి పిల్లకి 8 రూపాయలు, 2017 నుంచి అదే రేటు. ఎనిమిది రూపాయలకి మారతహళ్లిలో టీ కూడా రాదు.

వంటింటి తూకం కొని పళ్లెం బరువు చూద్దామనుకున్నాం. ఒక పిల్ల రెండోసారి వడ్డించుకుంటుంది, ఒకడు పక్కవాడికి పెట్టేస్తాడు, ఒకతె అన్నం తిని పప్పు వదిలేస్తుంది. తూకం ఇంటికొచ్చేసింది, ఇప్పుడు మా వంటింట్లోనే ఉంది. దాని బదులు రాసుకున్నవి మూడే: వేడిగా వడ్డించారా, రెండోసారి అడిగితే ఉందా, తినిపించాల్సిన చిన్నపిల్లకి పక్కన ఎవరైనా కూర్చున్నారా. పాలు మాత్రం కొలవచ్చు. క్షీరభాగ్య (కర్ణాటక ప్రభుత్వ పాల పథకం) కింద ఇచ్చేది 150 మిల్లీలీటర్లు. గీత గీసిన గ్లాసు ఒకటి తీసుకెళ్తే చాలు. మేం కొలిచిన చోట్లన్నీ గీతకి అటూ ఇటూగా సరిపోయింది.

గోడమీది మెనూ బోర్డుకీ ఆ రోజు వండినదానికీ తేడా వస్తే వెంటనే తప్పుగా రాయొద్దు. సరుకు లోడు ఆలస్యమైతే ఉన్నదాంతో వండుతారు. ఇంకో రోజు కూడా చూసి రాయండి.

లెక్క: ఖర్చు 450. మొత్తం 2,280.

ఆరో దశ: మార్కుల పట్టిక, దాన్ని ఎందుకు తీసేశాం

స్ప్రెడ్‌షీట్‌లో వందకి మార్కులు వేశాం. గదికి 25, శుభ్రతకి 25, సమయానికి 20, తిండికి 20, దూరానికి 10. రంగుల బడికి 78 వచ్చాయి, మెట్లదానికి 61, గుడి పక్కదానికి 59. మూడు గంటలు కూర్చుని చూసిన మాకు ఆ వరస మింగుడుపడలేదు. సమయానికి మార్కులు పెంచి గదికి తగ్గించాం. మెట్లది 74కి లేచింది, రంగుల బడి 63కి పడింది. అంటే మొదటి స్థానం ఎవరిదో చెప్పింది బడి కాదు, మేం వేసుకున్న తూకాలు. మనకి నచ్చిన బడి గెలిచేదాకా అంకెలు మార్చుకుంటూ పోవచ్చు.

అదే సమయంలో కాగితం పట్టుకుని వెళ్లి ఆ తల్లులకి చూపించాం. మేస్త్రీ భార్య అంతా విని, "అది సరే అక్కా, సాయంత్రం ఎన్నింటికి పంపిస్తారు?" అంది. మా పట్టికలో పద్దెనిమిది గడులు ఉన్నాయి, ఆ గడి లేదు. ఆమె ఎనిమిదికి పనిలోకి దిగితే అయిదున్నరకి బయటపడుతుంది, అంటే తొమ్మిదిన్నర గంటలు. ఆమెకి దగ్గర్లో ఉన్న అంగన్‌వాడీ తొమ్మిదిన్నరకి తెరిచి నాలుగింటికి మూస్తుంది, ఆరున్నర గంటలు. రోజుకి మూడు గంటలు పిల్లలు ఎవరి దగ్గరుండాలి? ఒక ఎల్‌కేజీ అయితే ఒకటిన్నరకే వదిలేస్తుంది. ఆమె దృష్టిలో అది బడే కాదు.

కొత్త పట్టిక, మొత్తం మార్కులు లేకుండా:

1. ముందు మూడు గేట్లు. పిల్ల నడకలో పావుగంటలోపు ఉందా? నీళ్లున్న మరుగుదొడ్డి తెరిచి ఉంటుందా? లోపల ఎప్పుడూ ఒక పెద్ద మనిషి ఉంటారా? ఒక్కటి కాదన్నా ఆ బడి పక్కకి.
2. తర్వాత నాలుగు అంకెలు పక్కపక్కన: మామూలు రోజు ఆట నిమిషాలు, సరుకుల రోజు ఆట నిమిషాలు, ఒక పెద్ద మనిషికి ఎంతమంది పిల్లలు (ఈ వయసుకి 20కి ఒకరు అన్నది ప్రమాణం), అమ్మ పని గంటలకీ బడి గంటలకీ మధ్య ఖాళీ.
3. నాలుగో అంకె ఇంటింటికీ వేరు. అందుకే ఒక్క పట్టిక కాదు, ఇంటికో కార్డు.

మూడో గేటు దగ్గర ఒకటి పోయింది: ఆయా లేని కేంద్రం. టీచరు సరుకులు తేవడానికి వెళ్తే పక్కింటి ముసలమ్మ చూస్తూ ఉంటుంది. మంచావిడే, కానీ రోజూ ఉంటుందని ఎవరూ రాసివ్వరు. రెండో గేటు దగ్గర రెండు పోయాయి. ఒకదాంట్లో మరుగుదొడ్డి తాళంచెవి ఇంటి ఓనరు దగ్గర ఉంటుంది.

లెక్క: గేట్లు దాటినవి 7.

ఏడో దశ: కార్డులు, చేర్పించడం

కార్డు అర ఠావు. ఒక వైపు ఏడు బడుల నాలుగు అంకెలు, రెండో వైపు చేర్చడానికి కావాల్సినవి. పెద్దక్షరాల్లో, తెలుగులో. వాచ్‌మన్ చదివి భార్యకి వినిపించాడు. మేస్త్రీ ఫోన్‌లో ఫోటో తీసుకుని ఊళ్లో బావమరిదికి పంపాడు.

చేర్చేటప్పుడు ఎదురైనవి:

1. అంగన్‌వాడీకి జనన ధ్రువపత్రం, ఆధార్, టీకాల కార్డు చాలు. కర్ణాటకలో పుట్టినవాళ్లయితే తాయి కార్డు (తల్లి కార్డు) అడుగుతారు. ఆంధ్రాలో పుట్టిన పిల్లకి అక్కడి తల్లీబిడ్డల కార్డు చూపిస్తే ఒప్పుకున్నారు.
2. పిల్ల పేరు ఊళ్లో అంగన్‌వాడీలో ఉంటే అంగన్‌వాడీల ఫోన్ యాప్ పోషణ్ ట్రాకర్‌లో ఇక్కడ కొత్తగా ఎక్కదు. మైగ్రేషన్ కింద మార్చాలి. పాత కేంద్రం టీచరు నంబరు తెచ్చుకోండి, ఫోన్‌లో ఒక్క మాటతో అయిపోయే పనికి పోస్టు కార్డుల కాలంలా తిరగక్కర్లేదు.
3. ఎల్‌కేజీకి జూన్ 1 నాటికి నాలుగేళ్లు నిండాలి. ఒకటో తరగతికి ఆరేళ్లు. 2025-26లో ఒక్క ఏడాదికి మాత్రం అయిదేళ్ల అయిదు నెలలకి సడలించారు, దాన్ని చూసి లెక్క వేసుకోవద్దు.
4. అంగన్‌వాడీలో ఏడాది పొడవునా చేర్చుకుంటారు. ఎల్‌కేజీలో సీట్లు ముందే నిండిపోతాయి.

ఎవరు ఏం ఎంచుకున్నారంటే: వాచ్‌మన్ పాప ట్యాంకు కిందదానికి వెళ్తోంది. గేటు నుంచి ఆరు నిమిషాలు, మధ్యాహ్నం వాళ్లమ్మ వెళ్లి తెచ్చుకోగలదు. కుళాయి కింద ఎక్కడానికి ఒక ప్లాస్టిక్ స్టూలు ఇస్తామంటే టీచరు సంతోషంగా తీసుకుంది. నాలుగిళ్లలో పనిచేసే ఆమె మెట్లది అంది. ఎల్‌కేజీలో ఇంగ్లీషు ఉంటుంది కదా అని ఆమె భర్త పట్టుబట్టాడు. ఆమె రంగుల బడికి ఒకసారి, మెట్లదానికి ఒకసారి కొడుకుని తీసుకెళ్లి కూర్చోబెట్టి, వాడు ఎక్కడ ఏడవలేదో చూసి తేల్చుకుంది. మా పద్దెనిమిది గడులకన్నా ఆ పరీక్ష తక్కువది కాదు. మా బాబు రావిచెట్టు బడి ఎల్‌కేజీలో. అక్కడ ఆట 55 నిమిషాలే, కానీ మరీ రాతలో ముంచలేదు, ఆవరణలో చెట్టు ఉంది, ఒకటో తరగతికి మళ్లీ బడి వెతుక్కోనక్కర్లేదు.

మేస్త్రీ కవలలకి ఏడింటిలో ఏదీ కుదరలేదు. మూడు గంటల ఖాళీని ఏ అంగన్‌వాడీ పూడ్చలేదు. ఇప్పటికి మేస్త్రీ అత్త ఊరినుంచి వచ్చి ఉంటోంది, పిల్లల్ని గుడి పక్కదానికి ఆమే తీసుకెళ్తోంది. ఉగాదికి ఆమె తిరిగి వెళ్లిపోతుంది. అప్పటికి సైటు పని అయిపోయి వాళ్లు వైట్‌ఫీల్డ్ వైపు మారతారట. అక్కడ జాబితా మళ్లీ మొదటి దశ నుంచి. ఆ పోలింగ్ కేంద్రాల జాబితా డౌన్‌లోడ్ చేసి పెట్టాను.

చివరి లెక్క: జాబితా 27, నడవగలిగినవి 11, లోపల కొలిచినవి 10, గేట్లు దాటినవి 7, చేరిన పిల్లలు 5. ఖర్చు 2,280 + కార్డులు, లామినేషన్ 180 = 2,460. లేజర్ మీటరు 900కి అమ్మేశాం, చేతినుంచి పడింది 1,560. కొత్తగా చేసేవాళ్లు లేజరు, తూకం కొనొద్దు. టేపు, జిరాక్సులు, కార్డులు కలిపి 560లో అయిపోతుంది.